ఉండటం వేరు, అందటం వేరు

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)



నన్ను పోషకాహారం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మీలో సగం మందికి నిద్ర ముంచుకొస్తుందని నాకు తెలుసు. పోషకాహారం అంటే మనకు గోడకు అంటించిన ఒక రంగుల బొమ్మ. అందులో ఒక పళ్ళెం, దాన్నిండా పాలు, గుడ్లు, ఆపిల్ పళ్ళు, క్యారెట్లు. ఆ బొమ్మ చూపించి "ఇవన్నీ తినాలమ్మా" అని మనం చెబుతాం. వాళ్ళు తలూపుతారు. ఇంటికి పోయి ఉన్నది తింటారు. మనం రిజిస్టరులో "అవగాహన కల్పించడమైనది" అని రాసుకుంటాం. ఇవాళ ఆ బొమ్మను పక్కన పెడదాం. మీకు నాకంటే బాగా తెలిసిన చోట మొదలుపెడతాను. గేదె దగ్గర.

కొన్నేళ్ళ కిందట ఒక మెట్ట ఊరికి వెళ్ళాను. వేరుశనగ, జొన్న వేసే ఊరు. ఒక ఇంట్లో ఒకే వారంలో గేదె ఈనింది, కోడలు ప్రసవించింది. నేను వెళ్ళేసరికి అత్తగారు పెరట్లో గేదెకు పెద్ద గంగాళంలో జొన్నలు ఉడకేస్తోంది. పక్కన బెల్లం గడ్డ, నానబెట్టిన చెక్క, తవుడు. గోరువెచ్చటి కుడితి బకెట్లకు బకెట్లు పెడుతోంది. లోపల నులక మంచం మీద కోడలు. ఆమెకు పొద్దున పెట్టింది పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. పప్పు పెట్టలేదు, చీము పడుతుందట. ఆకుకూర పెట్టలేదు, బిడ్డకు విరేచనాలవుతాయట. నీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారు, పొట్ట పెరుగుతుందట. అది పథ్యం.

"గేదెకు నీళ్ళు తగ్గిస్తే ఏమవుతుందమ్మా?" అని అడిగాను అత్తగారిని. "పాలు తగ్గవూ!" అంది, ఈమాత్రం తెలియదా అన్నట్టు. "మరి కోడలికి?" అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. గంగాళం కింద కట్టె ఎగదోసి, "గేదె పాలు డెయిరీకి పోతాయి గదమ్మా. లెక్క రాస్తారు" అంది.

ఆమెను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమె తన నాలుగు కాన్పుల్లోనూ ఆ కారం మెతుకులే తిన్నది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. మేత శాస్త్రం మనకు తెలియనిది కాదు. చేనుకు ఏం వేయాలో, గొడ్డుకు ఏం పెట్టాలో మన ఆడవాళ్ళకు తెలుసు. మనిషికీ అదే శాస్త్రం. మొక్కకు, పశువుకు, మనిషికి కావలసినవి చాలామటుకు అవే ఖనిజాలు. అవి నేలలోంచి మొక్కలోకి, మొక్కలోంచి పశువులోకి, ఆ రెండింటి నుంచి మనలోకి వచ్చి, మళ్ళీ నేలకే పోతాయి. దారిలో ఎక్కడ ఆగిపోతున్నాయన్నదే ప్రశ్న.

ముందు చేనుకు వెళదాం. వేరుశనగ వేసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. కొన్ని చేలల్లో లేత ఆకులు పసుపు పచ్చగా అవుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ముదిరితే ఆకు తెల్లగా పాలిపోతుంది. అది ఇనుప ధాతువు లోపం. అంటే చేనుకు రక్తహీనత వచ్చిందన్నమాట. ఇది ఊరికే పోలిక కోసం అంటున్న మాట కాదు. ఆకును పచ్చగా ఉంచే పత్రహరితం, రక్తాన్ని ఎర్రగా ఉంచే హిమోగ్లోబిన్, ఈ రెంటి నడిబొడ్డున ఉండే చట్రం దాదాపు ఒకే అచ్చు. పత్రహరితం మధ్యలో మెగ్నీషియం, హిమోగ్లోబిన్ మధ్యలో ఇనుము. పత్రహరితం మధ్యలో ఇనుము లేకపోయినా, దాన్ని తయారుచేయడానికి మొక్కకు ఇనుము కావాలి.

చిత్రమేమిటంటే నేలలో ఇనుముకు కొదవ లేదు. మన ఎర్రనేలలు ఎర్రగా ఉండేదే ఇనుప తుప్పు వల్ల. కాని సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలలో ఆ ఇనుము నీళ్ళలో కరగదు. కరగనిదాన్ని వేరు పీల్చుకోలేదు. కాళ్ళ కింద టన్నుల కొద్దీ ఇనుము పెట్టుకుని మొక్క పాలిపోతుంది. ఉండటం వేరు, అందటం వేరు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఇవాళ మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

దానికి వ్యవసాయాధికారులు ఏం చెబుతారు? లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారి చేయమంటారు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఆస్పత్రిలో గర్భిణులకు ఇచ్చే ఎర్ర బిళ్ళల్లో ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చిన ఇనుప లవణం అదే. నిమ్మ ఉప్పు ఎందుకు? ఇనుము కరిగిన స్థితిలోనే ఉండటానికి. బిళ్ళ వేసుకునేటప్పుడు నిమ్మరసం తాగమని ఏఎన్ఎం చెప్పేది కూడా అందుకే. వెంటనే టీ తాగవద్దనేది ఎందుకు? టీలో ఉండే వగరు పదార్థం ఇనుమును పట్టేసి కరగనివ్వదు, చేలో సున్నం చేసే పనే అది. (ఎవరూ పురుగుమందుల దుకాణంలో అన్నభేది కొని మింగకండి. మూలకం ఒకటే అన్నానుగాని, ఆ సరుకు మనుషుల కోసం శుద్ధి చేసింది కాదు. నవ్వుతున్నారు, కాని నన్నిది అడిగినవాళ్ళున్నారు.)

ఇంకో రకం పసుపు ఉంది. అది లేత ఆకులో కాక ముందు కింది ముదురాకులో కనిపిస్తుంది. అది నత్రజని లోపం. తేడా ఎందుకు? ఇనుము ఒకసారి ఒక ఆకులో చేరితే మళ్ళీ అక్కణ్ణించి పెద్దగా కదలదు. అందుకే కొత్తగా పుట్టే ఆకుకు కరువొస్తుంది. నత్రజని కదులుతుంది. చాలకపోతే మొక్క ముదురాకులో ఉన్నదాన్ని విడదీసి చిగురుకు పంపుతుంది. చిగురు పచ్చగా ఉంటుంది, ముదురాకు పండి రాలిపోతుంది.

తల్లి ఒంట్లో జరిగేదీ చాలామటుకు ఇదే. గర్భంలో బిడ్డ ఎముకలకు, తర్వాత పాలకు కావలసిన సున్నం తిండిలో రాకపోతే, తల్లి ఎముకల్లోంచి వస్తుంది. బిడ్డ రక్తానికి ఇనుము తల్లి నిలవల్లోంచి పోతుంది. మూడో కాన్పు, నాలుగో కాన్పు వచ్చేసరికి నిలవ అడుగంటుతుంది. తల్లి మరీ పాలిపోయి ఉంటే బిడ్డకూ చాలదు, నెల తక్కువగానో బరువు తక్కువగానో పుడుతుంది. దీనికి మనవాళ్ళు మాతృత్వం, త్యాగం అని పేరుపెట్టి పాటలు కట్టారు. ముదురాకు పండితే త్యాగమని ఏ రైతూ పాట కట్టడు. చేనుకు తిండి చాలలేదని చెప్పి ఎరువు వేస్తాడు.

నత్రజని విషయంలో కూడా ఉండటం వేరు, అందటం వేరే. మన చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. కంది, పెసర, ఉలవ, అలసంద, జీలుగ లాంటి వాటి వేళ్ళలో బుడిపెలు ఉంటాయి చూడండి, వాటిలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి. జొన్నలో కంది సాళ్ళు వేసిన మన అవ్వలకు నత్రజని అనే మాట తెలియదు. పని తెలుసు. ఆ కంది చేనుకు ఎరువూ ఇచ్చింది, ఇంటికి పప్పూ ఇచ్చింది. ఇప్పుడు కంది సాలు పోయింది, యూరియా బస్తా వచ్చింది. 2010లో కేంద్రం ఎరువుల సబ్సిడీ విధానం మార్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను వదిలేసి యూరియా ధరను మాత్రం అదుపులో ఉంచింది. రైతు చవగ్గా దొరికేదే ఎక్కువ చల్లాడు. మొక్కకు కావలసిన మూలకాలు 17. వాటిలో ఏది అన్నిటికన్నా తక్కువగా ఉందో అదే పంటను ఆపుతుంది. పప్పులో ఉప్పు లేకపోతే ఇంకో గరిటె చింతపండు పులుసు పోసి లాభం ఏముంది?

జింకు సంగతి చెప్పి చేను దాటతాను. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనె అనే శాస్త్రవేత్త, తరాయి ప్రాంతపు వరిలో ఆకుల మీద తుప్పు మచ్చలు పడి పైరు గిడసబారిపోయే 'ఖైరా' అనే జబ్బుకు కారణం జింకు లోపమని తేల్చాడు. దానికి కొంచెం ముందు, 1961లో, ఇరాన్‌లో పనిచేస్తున్న డాక్టర్ ఆనంద ప్రసాద్ ఒక చిత్రమైన జబ్బు గురించి రాశాడు. ఇరవై ఏళ్ళ యువకులు పదేళ్ళ పిల్లల్లా ఉండిపోయారు. వాళ్ళ తిండి రొట్టె, దాంతోపాటు మట్టి. రక్తహీనత ఒక్కటే అయితే అంత గిడసబారరు, జింకు కూడా అందటం లేదని ఆయన అనుమానించాడు. తర్వాతి పరిశోధనలు అది నిజమని చూపించాయి. పైరు గిడసబారటం, పిల్లవాడు గిడసబారటం. ఒకటే మూలకం. ఆ రొట్టెలోనూ జింకు ఉంది, కాని గింజ పైపొరలో ఉండే ఫైటేటు అనే పదార్థం దాన్ని పట్టేసింది. చేలో అయితే భాస్వరం ఎరువు మితిమీరినా జింకు అందదు.

మట్టి తినడం మనకు కొత్త కాదు. నెల తప్పిన పిల్లలు మట్టి గడ్డలు, బలపాలు, పచ్చి బియ్యం తింటారు. "వేవిళ్ళ కోరిక" అని నవ్వుకుంటాం. చాలాసార్లు అది ఇనుము లోపానికి గుర్తు. మట్టి తింటే ఇనుము రాకపోగా తిన్నదాన్ని కూడా అది పట్టేస్తుంది, నులి పురుగులూ వస్తాయి. మరి గేదె ఎముకలు కొరికితే, తాడు నమిలితే, ఆరేసిన చీర కొంగు తినేస్తే ఏం చేస్తాం? "భాస్వరం తక్కువైంది, ఖనిజ మిశ్రమం పెట్టు" అంటాడు పశువుల డాక్టరు. గేదె ఈనిన కొద్ది వారాలకు మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో పోయిందంటే పరుగెత్తుకుంటూ పోతాం. భాస్వరం పడిపోయి రక్తకణాలు పగిలిపోతున్నాయని ఇంజెక్షను ఇస్తాడు. ఇవాళ గేదె గురించి ఇన్ని తెలిసిన ఊళ్ళో బలపం తినే పిల్లను నవ్వి వదిలేస్తున్నాం.

ఇక పశువు కడుపు. ఆవు గడ్డి తింటుందని అంటాంగాని, నిజానికి ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డి తింటాయి, వాటి మీద ఆవు బతుకుతుంది. నెమరు వేసే పశువుకు పొట్టలో నాలుగు గదులు. మొదటి పెద్ద గది ఒక పులియబెట్టే కుండ. మనం అరిగించుకోలేని పీచును అవి అరిగిస్తాయి, మాంసకృత్తులు తయారుచేస్తాయి, ఇందాక చెప్పిన ఫైటేటును కూడా విడగొడతాయి. మన పొట్టలో ఆ పనివాళ్ళు అంతగా లేరు. అందుకే మన అవ్వలు ఆ పనివాళ్ళను పొయ్యి పక్కన కుండలో పెట్టుకున్నారు. అంబలి పులియబెట్టడం, తరవాణి పెట్టడం, మొలకెత్తిన రాగులను పిండి చేయడం, ఇవన్నీ ఫైటేటును తగ్గించే పనులే. అదే రాగి, అదే జొన్న, పులిస్తే అందులోని ఇనుము, జింకు ఎక్కువ అందుతాయి. "పేదవాళ్ళ తిండి" అని అంబలిని మానిపించినవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

వరిగడ్డి ఒక్కటే వేస్తే ఈ పనివాళ్ళకూ చాలదు. అందులో మాంసకృత్తులు తక్కువ, భాస్వరం తక్కువ, ఉన్న కాస్త సున్నాన్నీ ఆక్సలేటు పట్టేస్తుంది. అందుకే చెక్క, తవుడు, ఉలవలు. కృష్ణా, గుంటూరు వైపు ఎడ్లకు ఉలవలు ఉడికించిన నీళ్ళతో ఉలవచారు కాచుకున్నారు. గింజ ఎద్దుకు, నీళ్ళు మనిషికి. ఇప్పుడది పెళ్ళి భోజనాల్లో మీగడ వేసి వడ్డించే గొప్ప వంటకం అయింది, అది వేరే కథ.

ఈ కుండలోనే జరిగే ఇంకో పని చెప్పాలి. నేలలో కోబాల్టు అనే మూలకం చిటికెడు ఉంటుంది. అది మేతలోకి వస్తుంది. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు దానితో బి12 విటమిను చేస్తాయి. మొక్కలు బి12 చేయలేవు. మనిషికి అది మాంసం, చేప, గుడ్డు, పాలు, మజ్జిగల నుంచే రావాలి. అది తగ్గితే ఒక రకం రక్తహీనత వస్తుంది, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు పడతాయి. ఇనుప బిళ్ళలు ఎన్ని మింగినా ఆ రక్తహీనత తగ్గదు. మీ సంఘంలో బిళ్ళలు సరిగ్గా వేసుకున్నా రక్తం పెరగని వాళ్ళుంటే ఇదేమోనని డాక్టరును అడగండి. ఇప్పుడు చెప్పండి, పాలు ఎవరు పితుకుతున్నారు? మేత ఎవరు కోస్తున్నారు? పేడ ఎవరు ఎత్తుతున్నారు? పొద్దున, సాయంత్రం క్యానులో పోసి పంపాక ఇంట్లో టీకి ఒక గ్లాసు మిగులుతుంది. ఆ టీ గురించి ఇందాక చెప్పాను.

మనిషి దగ్గరకు వచ్చాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. దేశం మొత్తం మీద స్త్రీలలో 57, మగవాళ్ళలో 25. ఇనుప బిళ్ళలు పంచే కార్యక్రమం దేశంలో 1970లో మొదలైంది. యాభై ఏళ్ళ తరవాత కూడా సగం మందికి పైగా పాలిపోయే ఉన్నాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్కలో మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడదానికి 29. నెలనెలా పోయే రక్తం వల్ల. అంటే తిండి విషయంలో ఇంట్లో ఎక్కువ కావలసింది ఎవరికి? వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, 0.65. జొన్నలో దాదాపు 4, సజ్జలో 6.4. నాలుగు వందల గ్రాముల బియ్యం వండుకు తిన్నా మూడు మిల్లీగ్రాములు రావు. సున్నం సంగతి చూస్తే వంద గ్రాముల రాగిలో 364 మిల్లీగ్రాములు, బియ్యంలో 7 చిల్లర.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఆకలి తగ్గింది. ఆ పథకాన్ని నేను తీసిపారేయను, ఆకలి తెలిసినవాళ్ళెవరూ తీసిపారేయరు. కాని మెట్ట ప్రాంతంలో ఇంకో పని కూడా జరిగింది. జొన్న, సజ్జ, కొర్ర తినే ఇళ్ళల్లోకి పాలిష్ బియ్యం వచ్చింది, ఆ పంటలు వేసే చేలు బీడు పడ్డాయి, కొన్నిట్లో పత్తి వచ్చింది. జొన్న పోతే చొప్ప పోయింది. చొప్ప పోతే గొడ్డు పోయింది. గొడ్డు పోతే పెంట పోయింది. పెంట పోతే నేల పోయింది. జహీరాబాద్ వైపు డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, దీన్నే తిరగదిప్పి చూపించారు. బీడు పడ్డ తమ నేలలను సాగులోకి తెచ్చి, వచ్చిన జొన్నలను ఊళ్ళోనే నిలవ చేసి, పేద ఇళ్ళకు చవగ్గా తామే పంచారు. ఎవరు పేదలో నిర్ణయించింది కూడా వాళ్ళే.

అలాగని జొన్న దేవత కాదు. జొన్న మీదే, పప్పూ పాలూ లేకుండా బతికే పేదల్లో చర్మం నల్లబడి పొలుసులు లేచే పెల్లగ్రా దక్కన్‌లో కనిపించేది. 1960లో గోపాలన్, శ్రీకంటియా అనే శాస్త్రవేత్తలు దానికీ, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థానికీ సంబంధం ఉందని రాశారు. పశువుకు కూడా అంతే, వాన ఎగ్గొట్టి వాడిపోయిన లేత జొన్న మేస్తే నాము కమ్మి చచ్చిపోతుంది. ఏ ఒక్క గింజనూ నెత్తిన పెట్టుకోవద్దు. ఇప్పుడు చిరుధాన్యాలను పట్నంలో అందమైన పొట్లాల్లో అమ్ముతున్నారు, పండించిన ఊళ్ళో మాత్రం రేషను బియ్యమే తింటున్నారు. ఇది కూడా ఉండటం, అందటమే.

కూరల గురించి ఒక మాట. తోటకూర, గోంగూర కాక, చేలో తమంతట తాము మొలిచేవి ఎన్ని ఉన్నాయి! జొన్న చెంచలి, తుమ్మికూర, పొన్నగంటి, గునుగు, దొగ్గలికూర. కూలికి పోయినవాళ్ళు కొంగులో ఒడి నింపుకుని వచ్చేవాళ్ళు. భూమి లేని ఇంటికి ఇనుము, ఫోలేటు, సున్నం పైసా లేకుండా వచ్చిన దారి అది. ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. కలుపు తీసే కూలీ పోయింది, ఆ కూరా పోయింది. మందు కొట్టాలని నిర్ణయించింది ఎవరు? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో వంద కమతాల్లో ఆడవాళ్ళ పేరున ఉన్నవి 14 మాత్రమే. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1985లోనే చట్టం మార్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. చట్టంలో ఉంది. పట్టాలో లేదు.

మాంసం మాటా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. మాంసంలో, కార్జంలో, నల్లలో ఉండే ఇనుము ఆకుకూరలోని ఇనుము కంటే సులభంగా ఒంటికి పడుతుంది. ఏ కూర వండితే ఏ కులమో వాసన పట్టే దేశంలో, దళిత స్త్రీలు తరతరాలుగా తిన్న తిండిని నీచమని వాళ్ళ చేతనే అనిపించాం. మన శిక్షణల్లో కూడా పళ్ళెం బొమ్మలో ఆ కూర ఎప్పుడూ లేదు. పెద్దకూర తినే ఇంటికి పోయి ఆపిల్ పండు తినమని చెప్పి వచ్చాం.

పంపకం దగ్గరికి వస్తాను. మగవాళ్ళు తిన్నాక, పిల్లలు తిన్నాక, అత్తమామలు తిన్నాక, అడుగున మిగిలింది తినేది ఎవరో నేను చెప్పనక్కరలేదు. పులుసులో ముక్కలుండవు, పప్పులో తేటే ఉంటుంది. పైగా "ఇంట్లో ఉండేదానికి ఎక్కువెందుకు" అంటారు. 1982లో శ్రీలత బట్లివాలా కర్ణాటక పల్లెల లెక్కలు తీసుకుని ఒక వ్యాసం రాసింది. కట్టెలు, నీళ్ళు, వంట, పొలం అన్నీ కలిపితే ఆడవాళ్ళు ఖర్చుపెట్టే శక్తి మగవాళ్ళకంటే తక్కువ కాదు, ఎక్కువే, తినేది మాత్రం తక్కువ అని చూపించింది. 2020 లెక్క ప్రకారం బరువు పని చేసే స్త్రీకి రోజుకు 2720 కేలరీలు కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు ఇంకో 600. నాట్లేసే బాలింతకు ఎంతో కూడుకోండి. తరవాత పథ్యం పళ్ళెం చూడండి.

ఇక్కడ మనం చేయగలిగిన పని ఉంది. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, ప్రసవించిన ఆరు నెలల దాకా తల్లికి, అంగన్‌వాడీలో ఉచితంగా భోజనం హక్కు అని రాసింది. దయ అని రాయలేదు. 6000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం అని రాసింది. 2017లో వచ్చిన కేంద్ర పథకం దాన్ని మొదటి కాన్పుకు 5000 చేసింది. చట్టం ఇచ్చినదానికంటే పథకం ఇచ్చేది ఎలా తక్కువైందని ఎంతమంది అడిగాం? రేషను కార్డులో ఇంటి పెద్ద 18 ఏళ్ళు నిండిన పెద్ద స్త్రీయే కావాలని కూడా ఆ చట్టంలో ఉంది. బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలు కూడా అందులో ఉన్నాయి. మెట్ట మండలాల్లో జొన్నలు ఇవ్వమని గ్రామసభలో తీర్మానం పెట్టడానికి అడ్డేమీ లేదు.

గుడ్డు, పాలు ఇంటికిస్తే ఇంట్లో పంచుకుంటారు, అది తప్పూ కాదు, ఏ తల్లీ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కతే గుడ్డు తినదు. అందుకే అక్కడే కూర్చుని తినే భోజనం పథకాలు వచ్చాయి. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి అలా 2015లో మొదలైంది. కాని మధ్యాహ్నం కూలి మానుకుని అంగన్‌వాడీకి ఎలా పోతుంది? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ ఊళ్ళో ఏ వేళకు పెడితే వస్తారో సంఘమే కూర్చుని చెప్పాలి, వేళ మార్చమని అడగాలి.

పథ్యం సంగతి. అది మూఢనమ్మకం అని అత్తగారి మొహం మీద అనకండి. అలా అన్న ఇంటికి మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. గేదెను చూపించి అడగండి. నేను మొదట చెప్పిన ఊళ్ళో మా కార్యకర్త ఒకామె చేసిన పని అదే. మళ్ళీ మళ్ళీ పోయి పెరట్లో కూర్చుని "పెద్దమ్మా, దీనికేం పెడుతున్నావు, ఎందుకు పెడుతున్నావు" అని అడిగేది. మూడోసారికి పెద్దమ్మ తనే నవ్వి, కోడలి పళ్ళెంలో మునగాకు పప్పు వేసింది. చీము పట్టలేదు. రెండో కోడలి కాన్పుకు ఎవరూ చెప్పకుండానే వేసిందట. నీళ్ళు మాత్రం ఇంకా కొలిచే ఇస్తోంది, ఆ పోరు అవలేదు.

సరే, నేను చాలా సేపు మాట్లాడాను. టీ వచ్చినట్టుంది. భోజనం చేసి గంటన్నా కాలేదు, కాసేపు ఆగి తాగుదాం. ఈలోగా ప్రశ్నలు. వెనకవరసలో అక్క ఇందాకటినుంచి చెయ్యెత్తుతోంది, పాలన్నీ డెయిరీకి పోయకపోతే గేదె కోసం తెచ్చిన అప్పు ఎట్లా కట్టాలని. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.